విశాఖ ఉప్పుగాలికి ఏ పూత నిలుస్తుంది? ఇనుము, అల్యూమినియం, స్టీలు, చెక్కలకు ఎంపిక సలహా

విశాఖలో ఇల్లు కట్టుకునేవాళ్ళు గేటుకో కిటికీకో రెయిలింగుకో ఏ ఫినిష్ వేయించాలని అడిగితే నేను రంగు జోలికి వెళ్ళను. ముందు రెండు సంగతులు అడుగుతాను. ఆ వస్తువు సముద్రానికి ఎంత దూరంలో ఉంటుంది? దాని మీద వాన పడుతుందా, పడదా? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఎంపిక సగం అయిపోయినట్టే. ఫ్యాబ్రికేషన్ షాపులో మాత్రం ముందు చేతికిచ్చేది రంగుల కార్డు. మనమూ హైదరాబాదులో బంధువుల ఇంట్లో చూసిన రంగు ఇదేనంటూ వేలు పెట్టి చూపిస్తాం. అక్కడ పదేళ్ళు చెక్కుచెదరకుండా నిలిచిన పూత ఇక్కడ లాసన్స్ బే కాలనీలో రెండో వానాకాలానికే పొక్కులు లేపొచ్చు. తప్పు రంగుది కాదు, దాని కింద ఏముందో ఎవరూ అడగకపోవడం వల్ల వచ్చిన నష్టం అది.

ఉప్పు ఎక్కడ పేరుకుంటుంది

గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం తేమ దగ్గరే చెమ్మగిల్లుతుంది. అంటే లోహం మీద ఉప్పు పేరుకుందంటే, వాన పడకపోయినా, చేతికి పొడిగానే తగిలినా, పైన కంటికి కనపడని ఉప్పునీటి పొర ఒకటి ఉండనే ఉంటుంది. విశాఖలాంటి ఊళ్ళో ఆ పొర ఏడాదిలో ఆరిపోయే రోజులు చాలా తక్కువ.

అందుకే వాన ఇక్కడ లోహానికి మేలు చేస్తుంది. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. వానలో తడిసే గ్రిల్లు త్వరగా తుప్పు పడుతుందనీ, సన్‌షేడ్ కింద ఉన్నది భద్రమనీ వాళ్ళ లెక్క. సముద్రం ఎదురుగా ఉన్న ఏ అపార్ట్‌మెంటులోనైనా బాల్కనీ గ్రిల్లు అడుగుభాగం, స్లాబు నీడలో ఉన్న పైకడ్డీ, ఏసీ స్టాండు వెనక వైపు చూడండి. వాన కడిగే చోట రంగు మిగిలి ఉంటుంది, కడగని చోట పెచ్చులు ఊడి ఉంటాయి. కాబట్టి చినుకు తగలని భాగానికి ఇంకాస్త గట్టి పూత కావాలి. అది కుదరకపోతే కనీసం నీళ్ళ పైపు అందేలా ఉండాలి.

తుప్పు వేగాన్ని కొలవడానికి ఐఎస్‌ఓ 9223 అనే ప్రమాణం ఉంది. వాతావరణాన్ని తుప్పు అతి తక్కువగా పట్టే సీ1 నుంచి అతి ఎక్కువగా పట్టే సీఎక్స్ దాకా ఆరు తరగతులుగా విడదీస్తుంది. సీ3లో జింకు ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్లు అరుగుతుంది. సీ4లో 2.1 నుంచి 4.2, ఉప్పు బాగా పడే సీ5లో 4.2 నుంచి 8.4. పూత లేని మామూలు ఇనుమైతే సీ5లో మొదటి ఏడాదే 80 నుంచి 200 మైక్రాన్లు పోతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఈ అంకెలు గుర్తుపెట్టుకుంటే షాపువాళ్ళ మాటలను మీరే తూచుకోవచ్చు.

ఊరిని నేను ఇలా విడదీసుకుంటాను. ఇది కొలిచి చెప్పింది కాదు, వస్తువులు ఎలా పాడవుతున్నాయో చూసి ఏర్పరచుకున్న అంచనా. ఆర్కే బీచ్, జాలారిపేట, లాసన్స్ బే, రుషికొండ, భీమిలి తీరం వెంట మొదటి వరసలో ఉన్నవాటిని సీ5 అనుకోవడమే క్షేమం. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు వంటివి సీ4. వాటిలోనూ సముద్రం వైపు తెరుచుకున్న పై అంతస్తులను మొదటి వరసలోనే వేసుకోవాలి, అక్కడ గాలికి అడ్డేమీ ఉండదు కాబట్టి. గోపాలపట్నం, పెందుర్తి దాకా వెళితే సీ3 సరిపోతుంది. పోర్టు చుట్టుపక్కల వన్‌టౌన్‌కూ, గాజువాక వైపుకూ ఇంకో బాధ ఉంది. బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము లోహం మీద పడి చెమ్మను పట్టి ఉంచుతుంది. అక్కడ గరుకు ఫినిష్ కంటే నునుపుగా, తుడవడానికి వీలుగా ఉండేదే మేలు.

ఇనుము: గేట్లు, గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు, షెడ్లు

ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. అందుకే ఎక్కువసేపు మాట్లాడుకోవలసిందీ దీని గురించే.

అందరికీ తెలిసిన పద్ధతి రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒక చేయి, ఎనామిల్ రెండు చేతులు. ఖర్చు తక్కువ, ఏ పెయింటరైనా వేస్తాడు, చెడితే ఇంటి దగ్గరే మళ్ళీ వేసుకోవచ్చు. పెందుర్తిలో వరండా లోపలి గ్రిల్లుకు ఇది చాలు. బీచ్ రోడ్డులో అయితే ఏడాదికోసారి గీకి మళ్ళీ వేయడానికి సిద్ధపడాలి. అసలు చిక్కు ఏమిటంటే, వెల్డింగ్ అయిన ఇనుమును గుడ్డతో ఒకసారి తుడిచి దాని మీదే ప్రైమరు వేసేస్తారు. మిల్లు నుంచి వచ్చిన నీలిరంగు పొర, వెల్డింగ్ బూడిద, షాపు బయట పడి ఉన్నప్పుడు పట్టిన ఉప్పు అన్నీ రంగు కింద అలాగే ఉండిపోతాయి. ఆ ఉప్పు చెమ్మను లోపలికి లాక్కుంటుంది, పొక్కు లేస్తుంది. ప్రైమరుకు ముందు మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఎమెరీతో రుద్దించడానికి ఒక పూట కూలి అవుతుంది. పైన వేసే రంగు కంపెనీ మార్చడం కన్నా ఆ పూట కూలి ఎక్కువ పనిచేస్తుంది.

తర్వాతది 'జీఐ పైపుతో చేశాం సార్, తుప్పు పట్టదు' అనే మాట. జీఐ అంటే జింకు పూసిన ఇనుము. ఇక్కడ ఆగి అడగాలి. ఇనుముకు జింకు మూడు రకాలుగా ఎక్కుతుంది, మూడింటినీ జీఐ అనే పిలుస్తారు. కరెంటుతో ఎక్కించే జింక్ ప్లేటింగ్ మామూలుగా 5 నుంచి 12 మైక్రాన్లు ఉంటుంది. బోల్టులు, బందులు, గడియలు ఎక్కువగా ఇలాగే వస్తాయి. రేకుకు ముందే జింకు పూసి, ఆ రేకును పైపుగా చుట్టినది జీపీ పైపు. దాని మీద జడ్120 అని ఉంటే చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింకు, అంటే ఒక్కో వైపు 8 మైక్రాన్ల పైచిలుకు. జడ్275 అయితే 20కి దగ్గర. మూడోది హాట్ డిప్. తయారైన వస్తువునే సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిన జింకు తొట్టెలో ముంచుతారు. 6 మిల్లీమీటర్లు దాటిన ఇనుముకు ఐఎస్‌ఓ 1461 అడిగే సగటు మందం 85 మైక్రాన్లు, 3 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య ఉంటే 70, ఒకటిన్నర నుంచి 3 మధ్య ఉంటే 55.

ఇప్పుడు పై అంకెలతో భాగించి చూడండి. తీరం మొదటి వరసలో 8 మైక్రాన్ల జింకు ఒకటి రెండేళ్ళలో అయిపోతుంది. 85 మైక్రాన్లు పది నుంచి ఇరవై ఏళ్ళు నిలుస్తాయి. పేరు ఒకటే, ఆయుష్షులో పది రెట్ల తేడా. జీపీ పైపుకు ఇంకో లోపం ఉంది. వెల్డింగ్ చేసిన ప్రతి చోటా జింకు కాలిపోతుంది. గేటంటేనే అతుకులు కదా. సరిగ్గా బలం కావలసిన చోటే రక్షణ పోతుంది. జింకు ఎక్కువగా ఉండే కోల్డ్ గాల్వనైజింగ్ పెయింటును అతుకుల మీద పూయించడం కాస్త ఊరట, అంతే.

హాట్ డిప్‌కు వెళ్ళాలనుకుంటే కటింగు, డ్రిల్లింగు, వెల్డింగు అన్నీ అయ్యాకే పంపాలి. ముంచి తెచ్చిన తర్వాత ఇంటి దగ్గర వెల్డ్ చేస్తే ఆ చోట మళ్ళీ ఉత్త ఇనుమే. తొట్టె పొడవు ముందే కనుక్కుని, పట్టకపోతే గేటును బోల్టులతో కలిపే ముక్కలుగా చేయించుకోవాలి. బాక్స్ పైపు చివర్లు మూసేసి ఉంటే కచ్చితంగా రంధ్రాలు పెట్టాలి. లోపల చిక్కిన గాలి, చెమ్మ ఆ వేడికి పైపును పేల్చేస్తాయి, పనివాళ్ళ ప్రాణాల మీదికి వస్తుంది. ఆ రంధ్రాల వల్ల మనకూ లాభమే, జింకు పైపు లోపలికీ ఎక్కుతుంది. బాక్స్ పైపు గేట్లు చాలావరకు లోపలి నుంచే తినేయబడతాయి, బయట రంగు మెరుస్తుండగానే అడుగున కన్నం పడుతుంది. ఏ బ్రష్షూ వెళ్ళలేని ఆ చోటికి వెళ్ళే పూత ఇదొక్కటే. పల్చటి రేకు పనులకు మాత్రం హాట్ డిప్ వద్దు, వేడికి వంకర పోతాయి. తెచ్చిన సరుకును వానలో ఒకదాని మీద ఒకటి పేర్చినా జింకు తెల్లటి పొడి కడుతుంది, మధ్యలో చెక్క ముక్కలు పెట్టి గాలి ఆడనివ్వాలి.

పౌడర్ కోటింగ్ సంగతి. రంగు పొడిని విద్యుదావేశంతో అంటించి, 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు. 60 నుంచి 80 మైక్రాన్ల నున్నటి పొర వస్తుంది. చూడటానికి దీన్ని మించింది లేదు. ఇంటి లోపలి రెయిలింగులకు, ఫర్నిచరుకు, షోరూమ్ ర్యాకులకు నా ఓటు దీనికే. బయట ఉప్పుగాలిలో ఉత్త ఇనుము మీద పౌడర్ ఒక్కటే వేయించడం మాత్రం నాకు నచ్చదు. పౌడర్ పొర ఒక గోడ, అంతే. జింకు అయితే గీత పడిన చోట తాను అరిగి ఇనుమును కాపాడుతుంది. పౌడర్‌కు ఆ గుణం లేదు. ఒక తాళం తగిలి గీత పడితే అక్కడి నుంచి తుప్పు పొర కిందుగా పాకి, పెద్ద పెద్ద పెచ్చులుగా లేపుతుంది. పైగా వెల్డింగ్ మూలల్లో, కడ్డీలు దగ్గర దగ్గరగా ఉన్న చోట పొడి సరిగా చేరదు.

వేయించేటప్పుడు రెండు అడగండి. మొదటిది ఫాస్ఫేటింగ్. నూనె, తుప్పు వదిలించి, కడిగి, ఫాస్ఫేట్ పొర ఎక్కించే తొట్టెల వరసను సెవెన్ ట్యాంక్ అంటారు. ఆటోనగర్‌లో పని ఇచ్చేముందు ఆ తొట్టెలను స్వయంగా చూడండి. డీజిలు గుడ్డతో తుడిచి పొడి కొట్టే చోట ఇవ్వకండి. రెండోది పొడి రకం. ఎపాక్సీ పొడి ఎండకు సుద్దలా తెల్లబారుతుంది, అది లోపలికే. బయటికి పాలిస్టర్ పొడి కావాలి.

షెడ్లు, నీళ్ళ ట్యాంకు స్టాండ్లు, హోర్డింగ్ ఫ్రేములు వంటి పెద్ద పనులకు ఓవెనూ తొట్టే కుదరవు. వాటికి ఎపాక్సీ పద్ధతి ఉంది. ఇసుకలాంటి గరుకు రజనుతో బ్లాస్టింగ్ చేసి, జింక్ రిచ్ ఎపాక్సీ ప్రైమరు, మధ్యలో మందపాటి ఎపాక్సీ, పైన పాలీయురెథేన్ వేస్తారు. ఓడలకూ రేవు క్రేన్లకూ వేసేది ఈ కోవలోదే. ఎపాక్సీని పై పొరగా వదిలేయకూడదు, ఎండకు సుద్ద కడుతుంది. బ్లాస్టింగ్‌తో ఇనుము ఎంత శుభ్రపడిందో చెప్పడానికి 'ఎస్ఏ రెండున్నర' అని ఒక కొలత ఉంది, ఆర్డరులో ఆ మాట రాయించండి. వేసే సమయమూ ముఖ్యమే. గాలిలో తేమ 85 శాతం దాటినప్పుడు, ఇనుము వేడి మంచుబిందువు (గాలిలోని చెమ్మ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే 3 డిగ్రీలైనా ఎక్కువ లేనప్పుడు రంగు వేయకూడదన్నది నియమం. విశాఖలో వానాకాలపు తెల్లవారుజామున ఇది తరచుగా కుదరదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, ఎండెక్కాక మొదలుపెట్టి సాయంత్రం తేమ దిగకముందే ఆపేయడం మంచిది.

మొదటి వరస ఇళ్ళకు నేను చెప్పేది మాత్రం రెండూ కలిపి చేయించమనే: హాట్ డిప్ చేసి దాని మీద రంగు. దీన్ని డ్యూప్లెక్స్ అంటారు. రెండు పూతల ఆయుష్షులను కూడితే వచ్చేదానికి ఒకటిన్నర నుంచి 2.3 రెట్లు నిలుస్తుందని గాల్వనైజింగ్ రంగంలో ఒప్పుకున్న లెక్క. రంగు జింకును అరగనివ్వదు, జింకు రంగు కింద తుప్పు పాకనివ్వదు. జాగ్రత్త ఒకటే. జింకు మీద మామూలు ఎనామిల్ నేరుగా వేస్తే కొన్నాళ్ళకు సబ్బులా మారి తొక్కలు తొక్కలుగా ఊడుతుంది. జింకును కాస్త గరుకు చేసి పట్టునిచ్చే ఎచ్ (etch) ప్రైమరో, జింకుకు పనికొచ్చే ఎపాక్సీ ప్రైమరో ముందు పడాలి. పౌడర్ వేయించాలంటే ముందు ఖాళీగా ఒకసారి ఓవెన్‌లో కాల్చమనండి, లేకపోతే జింకులోంచి వచ్చే గాలికి పొర నిండా సూదిరంధ్రాలు పడతాయి.

ధర మాట. హాట్ డిప్‌కు కిలో లెక్క, పౌడర్‌కు చదరపు అడుగు లెక్క. దీంట్లో ఒక కిటుకు ఉంది. మందపాటి యాంగిల్స్, బీములకు బరువు ఎక్కువ, వైశాల్యం తక్కువ కాబట్టి పౌడర్ చవకగా పడుతుంది. పల్చటి కడ్డీల గ్రిల్లుకు బరువు తక్కువ, వైశాల్యం ఎక్కువ కాబట్టి హాట్ డిప్ అనుకున్నంత భారం కాదు. రెండు చోట్లా మీ డ్రాయింగే చూపించి ధర అడగండి. 'హాట్ డిప్ ఖరీదు' అని వినడంతోనే వదిలేసిన చాలామంది ఈ లెక్క వేసుకోలేదు.

అల్యూమినియం: కిటికీలు, స్లైడింగ్ తలుపులు, ఎలివేషన్

అల్యూమినియం తుప్పు పట్టదన్న మాట సగమే నిజం. ఎర్రగా తుప్పు పట్టదు గానీ ఉప్పు తగిలితే తెల్లటి పొడి కట్టి గుంటలు పడుతుంది. దీనికి ముందున్నవి మూడు దారులు: అనోడైజింగ్, పౌడర్, పీవీడీఎఫ్.

అనోడైజింగ్ పైన పూసే పూత కాదు. ఆమ్లంలో కరెంటు పంపి లోహపు పైభాగాన్నే గట్టి ఆక్సైడ్‌గా మార్చడం. పరిశ్రమ స్థాయిలో ఇది 1923లో బ్రిటన్‌లో మొదలైంది, అదీ సముద్రం మీద దిగే విమానాల డ్యూరాల్యుమిన్ (ఒక అల్యూమినియం మిశ్రమం) భాగాలను ఉప్పునీటి నుంచి కాపాడటానికే. మన తీరానికి పుట్టుకతోనే సరిపోయిన పద్ధతి అన్నమాట. పొర లోహంలోంచే పుట్టింది కాబట్టి పెచ్చుగా ఊడదు, దాని కిందుగా తుప్పు పాకదు. మందం మాత్రం అడిగి తీరాలి. ఐఎస్ 1868 ప్రకారం ఏసీ10, ఏసీ15, ఏసీ25 వంటి తరగతులున్నాయి, ఆ అంకే మైక్రాన్లు. లోపలి పార్టిషన్లకు 10 చాలు, తీరానికి 25 అడగండి. రంగులు తక్కువ: వెండి, కంచు, షాంపేన్, నలుపు దాకా. ఇంకో బలహీనత సిమెంటు. సిమెంటు, సున్నం తడి తగిలితే ఆ పొర తినేయబడి మచ్చలు పడతాయి, ఆ మచ్చలు పోవు. ప్లాస్టరింగ్ అయ్యాకే కిటికీలు బిగించాలి, తప్పకపోతే టేపు అంటించి ఉంచాలి.

అల్యూమినియం మీద పౌడర్‌కు ఏ రంగైనా వస్తుంది, చెక్క గీతల డిజైను కూడా. కింద క్రోమేట్ లేదా క్రోమ్ లేని కన్వర్షన్ పొర, అంటే రంగుకు పట్టునిచ్చే పల్చటి రసాయన పొర, పడాలి. అది సరిగా పడకపోతే సముద్రపు గాలిలో కోసిన అంచుల దగ్గర నుంచి దారాల్లాంటి సన్నటి గీతలు పొర కింద పాకుతాయి. కిటికీ మూలల్లో 45 డిగ్రీల కోత దగ్గర చూడండి, మొదట అక్కడే కనపడుతుంది. పీవీడీఎఫ్ అంటే ఫ్లోరిన్ రెసిన్ 70 శాతం ఉండే ద్రవ పూత. అమెరికా ప్రమాణం ఆమా 2605 దీన్నుంచి పదేళ్ళ ఫ్లోరిడా ఎండను తట్టుకోవాలని అడుగుతుంది. ఆమా 2604కు ఐదేళ్ళు, ఆమా 2603కు ఒక్క ఏడాది. బిల్డింగు ముందుభాగం ప్యానెళ్ళ వంటి, మళ్ళీ నిచ్చెన వేసి రంగు మార్చలేని చోట పీవీడీఎఫ్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు. చేతి గీతలు ఎక్కువగా పడే తలుపులకు అది కాస్త మెత్తన.

నా ఎంపిక: తీరం ఎదుట మామూలు రంగు చాలనుకుంటే 25 మైక్రాన్ల అనోడైజింగ్. రంగే ముఖ్యమైతే సూపర్ డ్యూరబుల్ పాలిస్టర్ పౌడర్, తొట్టెల పని చూసి. స్క్రూలు మాత్రం జింక్ ప్లేటింగువి వాడనివ్వకండి. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూకు నైలాన్ వాషరు వేసి బిగించమనండి.

స్టీలు రెయిలింగులు

ఇక్కడ ఫినిష్ కంటే ముందు గ్రేడు తేల్చాలి. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వాటితో పాటు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకు తట్టుకునేది దాని వల్లే. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని చూపిస్తారు. ఆ పరీక్ష ఇక్కడ దేనికీ పనికిరాదు, 202 కూడా మామూలుగా అంటుకోదు. మిల్లు సర్టిఫికెట్ అడగండి, మాలిబ్డినం పరీక్ష ద్రవపు చుక్క మీ ఎదుటే వేయించండి.

ఆ తర్వాత నునుపు. గీతల ఫినిష్‌లో ఉప్పు ఇరుక్కుని టీ మరకల్లాంటి గోధుమ రంగు వస్తుంది. అద్దం పాలిష్‌లో ఉప్పు నిలవదు, కాబట్టి తీరంలో అందానికే కాదు, మన్నికకూ అదే మేలు. గీతలే కావాలంటే గరుకుతనం 0.5 మైక్రాన్ల లోపు ఉండేలా, గీతలు నిలువుగా సాగేలా చేయించండి, వాన నీరు జారిపోతుంది. వెల్డింగ్ దగ్గర నీలి మచ్చలను పికిలింగ్ పేస్టుతో తీసేయాలి. ఇనుము అరగదీసిన గ్రైండింగ్ వీలునే స్టీలుకూ వాడితే ఇనుప రజను దిగబడి, వారం తిరగకుండా తుప్పు చుక్కలు లేస్తాయి. షాపులో ఇది రోజూ జరిగే పని, ఒక్క కొత్త వీలు ఖరీదు మిగుల్చుకోవడానికి.

బంగారు, నలుపు రంగుల పీవీడీ (శూన్యంలో లోహపు ఆవిరితో పొర ఎక్కించిన) స్టీలు బాగుంటుంది, గీతలకు గట్టిది. కానీ ఆ పొర చాలా పల్చన. కింద 202 ఉంటే పైన బంగారు రంగున్నా మరక తప్పదు.

చెక్క: తూర్పు గుమ్మం ఎదుర్కొనేది

వాస్తు చూసుకుని తూర్పు గుమ్మం పెట్టుకుంటాం. విశాఖలో తూర్పంటే సముద్రం వైపు. పొద్దుటి ఎండ, ఉప్పుగాలి, జల్లు అన్నీ వచ్చేది టేకు సింహద్వారం మీదికే. దానికి ఇంటి లోపలి తలుపులకు వేసిన పాలిషే వేయడం పెద్ద పొరపాటు.

లక్క పాలిష్ వెలుగు వేరు, చేతి పని అందం వేరు. ఏటికొప్పాక బొమ్మలు చూసినవాళ్ళకు లక్క గొప్పతనం చెప్పనక్కరలేదు. తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, మొగలి రేకుతో మెరుగు పెడతారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌కు కరుగుతుంది, నీరు నిలిస్తే తెల్లటి వలయం కడుతుంది. దేవుడి మందిరానికి, అలమరకు, బొమ్మలకు అది సరే, బయటి తలుపుకు కాదు. మెలమైన్ పాలిష్ గట్టిది, చవక, లోపలి తలుపులకూ మంచాలకూ బాగుంటుంది. బయట ఎండకు పగుళ్ళు తీస్తుంది. ఆరేదాకా ఫార్మాల్డిహైడ్ వాసన వదులుతుంది కాబట్టి చిన్నపిల్లల గదికి నేనైతే నీటితో కలిపే పీయూ (పాలీయురెథేన్) వేయిస్తాను.

సింహద్వారానికి రెండే దారులు. ఒకటి, బయటి వాడకానికి చేసిన, అతినీలలోహిత కిరణాలను ఆపే రెండు భాగాల పీయూ. గాజులా ఉంటుంది, కొన్నేళ్ళు చూసుకోనక్కరలేదు. చెడినప్పుడు మాత్రం మొత్తం గీకి తీయాలి, అది పెద్ద పని. రెండు, చెక్కలోకి ఇంకే నూనె. మెరుపు తక్కువ, ఏటా ఒక చేయి వేయాలి, కానీ గీకే పని లేదు, ఇంట్లోవాళ్ళే వేసుకోవచ్చు. చెక్కపని మీద మమకారం ఉన్నవాళ్ళకు నేను నూనే చెబుతాను. ఏది వేసినా పూర్తి పారదర్శకంగా కాకుండా కొంచెం రంగు కలిపింది తీసుకోండి. ఎండ పారదర్శక పొరను దాటి కింద చెక్కలోని లిగ్నిన్‌ను చెడగొడుతుంది, అప్పుడు పైపొర బాగున్నా పట్టు వదిలేస్తుంది. రంగు కణాలు ఆ ఎండను ఆపుతాయి. తలుపు పై అంచు, కింది అంచు వడ్రంగి బిగించకముందే పూయించండి. అందరూ మరిచేది ఆ రెండు అంచులే, చెమ్మ ఎక్కేదీ తలుపు బిగిసేదీ వాటి నుంచే. ముసురు రోజుల్లో పాలిష్ పెట్టుకోవద్దు, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకరు తేమకు పాలలా తెల్లబారుతుంది.

ఇత్తడి, ప్లాస్టిక్

ఇత్తడి హ్యాండిళ్ళకు లాకరు వేసి అమ్ముతారు. గీత పడిన చోట నుంచి లోపల చిలుము పాకుతుంది, తుడిస్తే పోదు. తీరంలో లాకరు లేని ఇత్తడి తీసుకుని చింతపండుతో తోముకోవడం నయం, లేదంటే 316 స్టీలు మీద పీవీడీ. క్రోమ్ కుళాయిల్లో పై క్రోమియం పొర మైక్రానులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు, అసలు కాపలా దాని కింది నికెల్‌ది. ఇత్తడి కుళాయి బరువుగా ఉంటుంది. తేలికైన జింకు మిశ్రమం మీద క్రోమ్ వేసినవి మేడ మీది బయటి కుళాయికి వద్దు.

ప్లాస్టిక్‌లో ఏబీఎస్ మీద క్రోమ్ ప్లేటింగు బాగా నిలుస్తుంది. పీపీ (పాలీప్రొపిలీన్) మీద ప్రత్యేక ప్రైమరు లేకుండా ఏ రంగూ పట్టదు. ఎండలో ఉండే వాటికి పైన పూసిన రంగు కంటే పదార్థంలోనే కలిసిన రంగు మంచిది, గీత పడినా తెలియదు.

పని ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు

ఆర్డరు కాగితం మీద మైక్రాన్ల అంకె, కింద చేసే తొట్టెల పని లేదా బ్లాస్టింగ్ తరగతి, పొడి రకం రాయించండి. మందం కొలిచే చిన్న మీటరు మంచి షాపులన్నింటిలో ఉంటుంది. ఎదురుగా నున్నటి భాగంలో కాకుండా వెల్డింగ్ మూలలో, కడ్డీ వెనక పెట్టి చూపించమనండి. రంగు పట్టు చూడాలంటే పనికిరాని ముక్క మీద బ్లేడుతో గళ్ళు గీసి, టేపు అంటించి ఒక్కసారి లాగాలి. గళ్ళు ఊడి వస్తే సరుకు తీసుకోవద్దు.

కడగడం కూడా పూతలో భాగమే అనుకోండి. తీరం మొదటి వరసలో నెలకోసారి, వెనక వీధుల్లో మూడు నెలలకోసారి మంచినీళ్ళతో, మెత్తటి గుడ్డతో. బోరు నీరు ఉప్పగా ఉంటే దానితో వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పటిలా తుపాను సముద్రపు తుంపరను ఊళ్ళోకి మోసుకొస్తే, గాలి తగ్గి కరెంటు రాగానే గ్రిల్లులూ కిటికీలూ కడగాలి, తూర్పు వైపువి ముందు. గీత పడితే ఆ వారంలోనే జింక్ రిచ్ ప్రైమరు చుక్క పెట్టి పైరంగు అద్దాలి.

ఇక వారంటీ కాగితం. పదేళ్ళ గ్యారంటీ అని రాసి ఉన్నా, సముద్రానికి ఇంత దూరం లోపు వర్తించదనో, మూడు నెలలకోసారి కడిగినట్టు రాసిపెట్టిన వివరం చూపించాలనో లోపల షరతు ఉండొచ్చు. అడ్వాన్సు ఇవ్వకముందే ఆ కాగితం అడిగి, మీ ఇంటి దూరంతో పోల్చి చదవండి. వర్తించదని తేలితే ఆ పదేళ్ళ మాటకు అదనంగా అడిగిన ధర ఇవ్వనక్కరలేదు.